నాన్నతో స్కూల్ స్ట్రీట్‌లో

ఆదివారం కదా అని ఈరోజు పెద్ద పనులేం పెట్టుకోలేదు, పొద్దున్నే లాండ్రీ వేసేసి నాన్ననీ పాపనీ తీసుకుని ట్రైన్లో డౌన్‌టౌన్ వెళ్ళొచ్చాం. నాన్న బోస్టన్ వచ్చిన దగ్గర్నుంచీ ఏం చూపించినా బావుందమ్మా అంటారు, అంతే, ఇంకో మాట ఉండదు. కానీ జీవితమంతా గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కలు చెప్పి హెడ్మాస్టర్‌గా రిటైరైన మనిషి కదా, బడి అనే మాట వినపడితే చాలు కళ్ళు మారిపోతాయి. అందుకే ఫ్రీడమ్ ట్రైల్ (ఊళ్ళో చారిత్రక స్థలాల్ని కలిపే నడకదారి) ఎర్ర ఇటుకల గీత పట్టుకుని నేరుగా స్కూల్ స్ట్రీట్‌కే తీసుకెళ్ళాను. ఆ వీధికి ఆ పేరు వచ్చింది బోస్టన్ లాటిన్ స్కూల్ వల్లే, 1635లో మొదలైంది, అమెరికాలో మొట్టమొదటి పబ్లిక్ స్కూల్.

బడి ఇప్పుడు అక్కడ లేదు. పాత సిటీ హాల్ ముందు పేవ్‌మెంట్ మీద ఒక మొజాయిక్ ఉంది, 1983లో వేసింది, తొక్కుడుబిళ్ళ గళ్ళలా ఉంటుంది, రంగు రంగుల గాజు ముక్కలు, రాళ్ళు, పింగాణీ ముక్కలు కలిపి చేశారు. జనం దాని మీద నుంచే కాఫీ కప్పులు పట్టుకుని నడిచి వెళ్ళిపోతున్నారు, కిందకి చూసేవాళ్ళే తక్కువ. నాన్న మాత్రం పక్కకి జరిగి, వంగి, ఒక్కో గడీ చూశారు.

చూసి అడిగిన మొదటి ప్రశ్న, మాస్టారికి జీతం ఎవరిచ్చేవాళ్ళు అని!

నాకు అది తెలుసు కాబట్టి భలే సంతోషం వేసింది. మొదట్లో ఊళ్ళో ఉన్నవాళ్ళు చందాలు వేసుకున్నారు, తర్వాత 1641లో ఊరంతా కూర్చుని హార్బర్‌లో ఉన్న డీర్ ఐలాండ్ మీద వచ్చే ఆదాయం ఫ్రీ స్కూల్‌కి వాడాలని తీర్మానం చేశారు. అంటే ఒక దీవి మీద వచ్చే డబ్బుతో బడి నడపడం. ఇంకో ఆరేళ్ళకి, 1647లో, మసాచుసెట్స్‌లో చట్టమే వచ్చింది, యాభై ఇళ్ళున్న ఊరు ఒక టీచర్ని పెట్టుకోవాలి, వంద ఇళ్ళుంటే గ్రామర్ స్కూలే (లాటిన్ నేర్పి కాలేజీకి తయారుచేసే బడి) పెట్టాలి అని. నాన్న అది విని "అయితే ఊరి డబ్బుతో నడిచిన బడి అన్నమాట, ఊరి పిల్లలందరిదీ" అన్నారు. అదే డీర్ ఐలాండ్‌లో 1675లో ఇంగ్లిష్ వలసదారులకీ మూలవాసులకీ యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడి మూలవాసుల్ని తీసుకెళ్ళి నిర్బంధించారు, ఆ చలికాలం ఆకలికీ చలికీ వందలమంది పోయారు, అది కూడా చెప్పాను. ఒకే దీవి, బడికి డబ్బిచ్చింది, మనుషుల్ని మింగింది. నాన్న కాసేపు ఏమీ అనలేదు.

ఊరి పిల్లలందరిదీ అన్న మాట రోజంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే ఆ బడి చరిత్ర మొత్తం ఆ "అందరూ" ఎవరు అన్నదాని మీదే నడిచింది. మొదలైంది మగపిల్లల కోసం, గ్రీకు లాటిన్ చదువుకి. హార్వర్డ్ కంటే ఒక్క ఏడాది పెద్దది. ఎజెకీల్ చీవర్ అని ఒక మాస్టారు 1670 నుంచి 1708 దాకా, తొంభై దాటి చనిపోయేదాకా అక్కడే పాఠం చెప్పారు. ఆ సంగతి విన్నప్పుడు నాన్న మొహం చూడాలి.

పాత సిటీ హాల్ ప్రాంగణంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కంచు విగ్రహం ఉంది, 1856లో పెట్టింది. ఆయన ఎనిమిదేళ్ళప్పుడు ఈ బడిలో చేరాడు, ఏడాది తిరక్కుండానే క్లాసులో మధ్యలో ఉన్నవాడు మొదటి ర్యాంకుకి వచ్చాడు, పై క్లాసుకి కూడా పంపారు, కానీ తండ్రి కొవ్వొత్తులూ సబ్బులూ చేసి అమ్మే మనిషి, ఇంటినిండా పిల్లలు, ముందు ముందు కాలేజీ ఖర్చు భరించలేనని మాన్పించేసి వేరే బడిలో వేశాడు. బడిలో ఫీజు లేకపోయినా కాలేజీకి డబ్బు లేనివాడికి లాటిన్ ఎందుకు అన్న లెక్క. అయినా ఫ్రాంక్లిన్ మర్చిపోలేదు, వీలునామాలో బోస్టన్ ఫ్రీ స్కూళ్ళకి వంద పౌన్లు రాసి, దాని మీద వడ్డీతో పిల్లలకి వెండి మెడల్స్ ఇమ్మన్నాడు.

పాపకి నచ్చింది మాత్రం లవెల్ మాస్టార్ల కథ. జాన్ లవెల్ 1734 నుంచి హెడ్, కొడుకు జేమ్స్ అదే బడిలో అసిస్టెంటు. తండ్రి బ్రిటిష్ రాజు పక్షం, కొడుకు తిరుగుబాటు పక్షం. ఇద్దరూ ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు, ఊళ్ళో సైన్యం దిగి ఉన్న రోజుల్లో కూడా! 1775 ఏప్రిల్ 19 పొద్దున హారిసన్ గ్రే ఓటిస్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడు (తర్వాత ఇదే ఊరికి మేయర్ అయ్యాడు) బడికి వస్తుంటే వీధి నిండా సైనికులు, వాళ్ళని దాటుకుని లేటుగా వచ్చేసరికి పెద్ద లవెల్ యుద్ధం మొదలైంది, బడి అయిపోయింది, పుస్తకాలు పెట్టేయండి అంటున్నాడట, ఆ చివరి మాట లాటిన్లోనే. లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర కాల్పులు జరిగి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది ఆరోజే. ఆ తర్వాత కొడుకుని బ్రిటిష్ వాళ్ళు అరెస్టు చేసి కెనడాలో హాలిఫాక్స్ జైలుకి పంపారు. 1776లో బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేసినప్పుడు తండ్రి వాళ్ళతోపాటు ఓడెక్కి వెళ్ళింది కూడా హాలిఫాక్స్‌కే, రెండేళ్ళకి అక్కడే పోయాడు. కొడుకు ఖైదీల మార్పిడిలో బయటపడి తిరిగొచ్చి కాంటినెంటల్ కాంగ్రెస్‌లో (తిరుగుబాటు చేసిన కాలనీల ప్రతినిధుల సభ) సభ్యుడయ్యాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో అయిదుగురు ఈ బడి పిల్లలే, శామ్యూల్ ఆడమ్స్, హాంకాక్, ఫ్రాంక్లిన్, పెయిన్, హూపర్. అందులో కొందరికి పాఠం చెప్పింది రాజు పక్షాన ఉన్న ఆ పెద్ద మాస్టారే. నాన్న దానికి తల ఊపి "మనం చెప్పిందొకటి, వాళ్ళు నేర్చుకునేదొకటి, అదే బావుంటుంది" అన్నారు.

1821లో కాలేజీకి వెళ్ళని కుర్రాళ్ళ కోసం ఇంగ్లిష్ హైస్కూల్ పెట్టారు, దేశంలో మొదటి పబ్లిక్ హైస్కూల్ అంటే అదే లెక్క. రెండిటికీ 1887 నుంచీ థాంక్స్‌గివింగ్‌కి ఫుట్‌బాల్ పోటీ ఉంది. లాటిన్ స్కూల్ చోట్లు మారి మారి 1922లో ఇప్పుడున్న లూయీ పాశ్చర్ అవెన్యూకి వెళ్ళింది.

అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు పాప అడిగింది, ఇందులో అమ్మాయిలు ఎవరూ లేరా అని. లేరు. 1877లో తల్లిదండ్రులు మా ఆడపిల్లల్ని కూడా లాటిన్ స్కూల్లో చేర్చుకోండని గట్టిగా అడిగితే, చేర్చుకోకుండా వేరేగా గర్ల్స్ లాటిన్ అని ఇంకో బడి పెట్టారు. అది మంచి బడే, కానీ చిన్నది, సీట్లు తక్కువ. దాంతో 1970 ప్రాంతంలో ఎంట్రన్స్ రాస్తే 200కి మగపిల్లాడికి 120 వస్తే సీటు, ఆడపిల్లకి మాత్రం 133 రావాలి. పరీక్ష ఒకటే, ప్రశ్నలు అవే! కొందరు అమ్మాయిల తరఫున కోర్టుకెళ్తే 1972లో ఫెడరల్ జడ్జి ఇది కుదరదన్నారు, ఆ ఏడాదే రెండు బడుల్లోనూ అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ చేర్చుకోవడం మొదలైంది. 1635 నుంచి 1972 దాకా. పాప వేళ్ళ మీద లెక్కపెట్టి 337 ఏళ్ళు అంది, తర్వాత 132 వచ్చిన అమ్మాయిల సంగతేంటి అంది. నా దగ్గర జవాబు లేదు, నాన్న దగ్గరా లేదు. ఆ 132 తెచ్చుకున్న పిల్ల ఇప్పుడు అరవై దాటి ఇదే ఊళ్ళో ఎక్కడో ఉండి ఉంటుంది కదా అనుకుంటే నాకు నిజంగా కడుపులో మండింది.

అక్కడితో అయిపోలేదు. 1974లో గారిటీ అనే ఫెడరల్ జడ్జి బోస్టన్ బడుల్లో జాతి ప్రకారం పిల్లల్ని వేరుచేస్తున్నారని తీర్పిచ్చాక ఈ స్కూల్లో నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకి 35 శాతం సీట్లు పెట్టారు. తొంభైల్లో దాని మీద కేసులు పడ్డాయి, 1998లో అప్పీల్ కోర్టు జాతి చూసి సీట్లివ్వడం కొట్టేసింది. కోవిడ్ టైంలో రెండేళ్ళు ఎంట్రన్సే తీసేశారు, ఊరిని కూడా ఏరియాలవారీగా, అక్కడివాళ్ళ ఆర్థిక స్థితిని బట్టి టియర్లు (అంచెలు) చేసి, ఒక్కో టియర్‌లో ఉన్న పిల్లలు వాళ్ళలో వాళ్ళే మార్కులతో పోటీ పడేలా పెట్టారు.

మేమూ పాపకి అప్లై చేశాం, రిజల్ట్ ఇంకా రాలేదు. మాది ఉన్నవాళ్ళ టియర్ కిందే లెక్క, కాబట్టి పోటీ ఎక్కువ. మన తెలుగు గ్రూపుల్లో చాలామంది ఇది అన్యాయం అంటారు, వాళ్ళ బాధ నాకు తెలుసు, పిల్లలు రాత్రింబవళ్ళు చదువుతున్నారు. కానీ నాకు మాత్రం ఈ పద్ధతే సరైంది అనిపిస్తుంది. ట్యూషన్లు పెట్టించే అమ్మానాన్నలున్న పిల్లకీ లేని పిల్లకీ ఒకే కటాఫ్ పెడితే, ఊరి డబ్బుతో నడిచే బడి మళ్ళీ కొన్ని వీధులదే అయిపోతుంది. ఇదే మాట మా ఆయనతో అంటే సీటు రాకపోతే అప్పుడు చెప్పు అన్నారు. అప్పుడూ ఇదే అంటాను.

సాయంత్రం ఇంటికొచ్చాక బట్టలు మడతపెడుతుంటే నాన్న ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఆ బడిలో లాటిన్ ఇప్పటికీ తప్పనిసరి అని ఆయనకి చెప్పాను, వెతికి లాటిన్ విభక్తులు చూస్తున్నారు, సంస్కృతంలో లాగే ఉన్నాయే అని ఒకటే ఆశ్చర్యం. పాపని పిలిచి మొదటి విభక్తి దగ్గర్నుంచి మొదలుపెట్టేశారు. సీటు రాకపోతేనో తాతయ్యా అంది అది. "రాకపోతే మనిద్దరం ఇంట్లో చదువుకుందాం, కూర్చో" అని పక్కకి జరిగి చోటిచ్చారు. రెండో విభక్తి దగ్గర ఇద్దరూ వాదించుకుంటున్నారు ఇంకా.