నానమ్మ పళ్ళు

"నానమ్మకి కూడా మచ్చలున్నాయి కదా డాడీ. ముందు నానమ్మవి బాగుచేయించు."

దిల్‌సుఖ్‌నగర్‌లో పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కనని మా తొమ్మిదేళ్ళది అన్న మాట ఇది.

దాని ముందుపళ్ళ మీద ఉన్నవి సున్నం అద్దినట్టు తెల్లమచ్చలు. అమ్మవి తుప్పు రంగు. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా ఊరి బోరుకి ఆ లెక్క తెలియదు. మేం నోరు తెరిస్తే చాలు, ఏ జిల్లానో తెలిసిపోయేది. కృష్ణా నీళ్ళు మా జిల్లా మీదుగానే హైదరాబాద్‌కి వచ్చాయి, అదో కథ.

నావీ అవే పళ్ళు. పెళ్ళిచూపులకి ముందు ఆరు పళ్ళు అరగదీయించి వెనీర్లు, అంటే పంటి రంగు పలుచని పెంకులు, అతికించుకున్నాను. ఈ సంగతి పాపకి చెప్పలేదు. ఒంటిరంగుకీ, డబ్బాలో పప్పన్నానికీ సిగ్గుపడొద్దని డాలస్‌లో దానికి పాఠాలు చెప్పేది మాత్రం నేనే.

ఆ తెల్లమచ్చల్లో నా వాటా కూడా ఉందేమో. రెండేళ్ళ పిల్లకి బియ్యపు గింజంత ఫ్లోరైడు పేస్టు చాలట. నేను బ్రష్ నిండా స్ట్రాబెరీ పేస్టు పెట్టేవాణ్ణి. అది చప్పరించి మింగుతుంటే, ఏడవకుండా తోముకుంటోంది కదా అని మురిసిపోయాను. ఫ్లోరైడు మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే. నల్గొండ నీళ్ళని తప్పించానని ధీమాగా ఉన్నాను!

పైపొరని కాస్త అరగదీయొచ్చనీ, లేదా మచ్చలోకి రెజిన్ అనే జిగురులాంటి మందు ఇంకించొచ్చనీ, వెనీర్లు మాత్రం ఎదుగుదల పూర్తయ్యేదాకా వద్దనీ డాక్టరమ్మ చెప్పింది. "తొందరేముంది? పాప అడిగినప్పుడు రండి" అంది. తిరుగు టికెట్లున్నాయని, ఇక్కడైతే చవకని నేను లెక్కలు చెప్పాను. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా అని పాపని మూడుసార్లు అడిగాను. అవునంటే బాగుండుననిపించింది. ఛీ.

ఇంటికొచ్చాక అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "చేయించు బిడ్డా, ఆడపిల్ల గదా" అంది. పాప ఆ కొంగు లాగేసి, నన్నూ పిలిచి సెల్ఫీ తీసింది. వాళ్ళిద్దరి పళ్ళూ కనబడుతున్నాయి. నా మూతి బిగుసుకుపోయి ఉంది. పదమూడేళ్ళయినా నాకు పెదాలు తెరిచి నవ్వడం రాలేదు.

అపాయింట్‌మెంట్ శనివారానికి మార్చానే గానీ రద్దు చేయలేదు. నా వెనీరొకటి అంచున పెచ్చు లేచింది, దానికి వాడుకుందామని. పాప తోడొస్తానంటోంది. కింద ఉన్న అసలు రంగు చూసి అదేమైనా అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.