చెంబు తిరిగిచ్చేయాలట

నిద్ర పట్టడం లేదు. ఈసారి మోకాలు కాదు. చిన్నవాడు అన్న మాట. "ముందు నీ చెంబు తిరిగిచ్చేసి రా అమ్మా, తరువాత రెజ్జీ బుష్ సంగతి మాట్లాడదాం."

పొద్దున్న పెరట్లో గోంగూర మొదటి కోత కోశాను. పప్పులో వేశాను, బాగా కుదిరింది. సంతోషం అక్కడితో సరి.

శనివారం గనుక టీవీ అమెరికన్ ఫుట్‌బాల్‌కు అంకితం. ఆస్టిన్‌లో చదివిన మా చిన్నవాడికి సెప్టెంబరు వస్తే పూనకమే. ఈయనకు ఇన్నేళ్ళయినా ఆ ఆటలో ఎవరు ఎటు పరుగెత్తుతారో తెలియదు, అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. మాటల్లో 2005 నాటి హైస్మన్ ట్రోఫీ వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చేది అదే. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కుర్రాడు రెజ్జీ బుష్‌కు 784 మొదటి స్థానం ఓట్లు పడ్డాయి. రెండో స్థానం మా ఊరి టెక్సస్ విశ్వవిద్యాలయం కుర్రాడు విన్స్ యంగ్‌ది. మావాడి కడుపుమంట అప్పటి నుంచే.

తరువాత తేలిందేమిటంటే, చదువుకునే రోజుల్లోనే బుష్ కుటుంబం బయటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంది, వాళ్ళు చూపించిన ఇంట్లో అద్దె లేకుండా ఉంది. విద్యార్థి ఆటగాళ్ళు పైసా ముట్టకూడదన్నది అప్పటి నియమం. 2010లో కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ శిక్ష వేసింది, సెప్టెంబరులో బుష్ ట్రోఫీ వదులుకున్నాడు. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని నియమం మారింది. 2024 ఏప్రిల్‌లో ట్రోఫీ మళ్ళీ అతని చేతికే వచ్చింది.

ఇచ్చి ఉండకూడదు అన్నాను నేను. ఒక కూడలిలో సిగ్నల్ తీసేశారనుకోండి, అంతకు ముందు కట్టించుకున్న చలానా డబ్బు వెనక్కి ఇస్తారా? తెలిసి తప్పాడు, అనుభవించాలి. చాలా బాగా మాట్లాడానని నాకే అనిపించింది. అప్పుడే వాడు గిన్నెలో ఇంకో గరిటె పప్పు వేసుకుంటూ, తల ఎత్తకుండా, చెంబు మాట అన్నాడు. ఈయన నవ్వారు. అంత నవ్వు అవసరం లేదు.

ఆ చెంబు మా ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసేది. అంచు కింద చుక్కల అక్షరాల్లో "ఖోఖో - ప్రథమ" అని ఉంటుంది. ఆవకాయతోపాటు సూట్‌కేసులో సముద్రం దాటింది. నా ప్రతాపం కథ పిల్లలకు చెప్పినప్పుడు సగం చెప్పాను. మిగతా సగం మా అమ్మ వచ్చినప్పుడు చెప్పేసి వెళ్ళింది.

డిగ్రీ రెండో ఏడు. జిల్లా కాలేజీల పోటీలు. వారం ముందు మా జట్టులో ఒక అమ్మాయికి టైఫాయిడ్. మాకు ఆటలు నేర్పే పీడీ గారు ఆమె పేరు మీద ఇంకొకరిని తెచ్చారు. ముందటి ఏడు వరకు మా కాలేజీలోనే చదివి, ఇంగ్లీషు తప్పి ఇంట్లో ఉంటున్న అమ్మాయి. మేం పెద్దక్క అనేవాళ్ళం. పరుగంటే ఆమెదే. తరిమేవాళ్ళు చెయ్యి చాపేలోపు వరుసలో కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి అవతలికి జారిపోయేది. స్తంభం దగ్గర ఒంటి కాలి మీద తిరిగి వెనక్కి వచ్చేది. ఫైనల్‌లో ఆమెతో రన్నింగుకు దిగిన మేం ఇద్దరం అవుటయ్యాక ఆమె ఒక్కతే మిగిలింది, తరువాతి ముగ్గురిని దింపే అవసరమే రాలేదు. పన్నెండు మందికీ చెంబులు ఇచ్చారు. వ్యానులో వాటి మీద దరువు వేస్తూ వచ్చాం. ఆమె పేరు కానిది ఆమెకు పెట్టి పిలవడం ఎవరం మరిచిపోలేదు, అంత సాధన చేశాం. అంటే నాకు తెలుసు. అందరికీ తెలుసు.

నెల తిరగకముందే ఓడిన కాలేజీ ఫిర్యాదు చేసింది. హాల్ టికెట్ ఫొటో, ఆడిన ముఖం ఒకటి కాదని తేలింది. గెలుపు రద్దు. చెంబులు తిరిగి ఇవ్వమని గుమాస్తా జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మా అమ్మ గడప దాటకుండా, "పాత సామాన్లవాడికి వేసేశాం బాబూ" అంది. చెంబు అప్పుడు ఆమె వెనక, నీళ్ళ బిందె మీదే ఉంది. నేను తలుపు చాటున ఉన్నాను. నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

తిరిగి వచ్చిన చెంబులు ఓడిన పిల్లలకు చేరాయా? లేదు. ఏడాది తరువాత ఫీజు కట్టడానికి వెళ్తే ఒకటి ఆఫీసులో కూజా మీద బోర్లించి ఉంది. ఇంకొకదానిలో జిగురు. ఇది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లాక్కున్నది ఎవరి కోసం? బుష్ వదులుకున్న ట్రోఫీ విన్స్ యంగ్‌కూ ఇవ్వలేదు, ఆ ఏడు ఖాళీగా ఉంచారు. బుష్ చదివిన విశ్వవిద్యాలయానికి రెండేళ్ళు సీజను చివరి బౌల్ ఆటల నిషేధం వేశారు, ముప్పై స్కాలర్‌షిప్పులు కోశారు. ఆ రెండేళ్ళు నష్టపోయిన పిల్లల్లో చాలామంది 2005లో బడి పిల్లలు. ప్రధాన శిక్షకుడు అప్పటికే సియాటిల్‌లో కొత్త ఉద్యోగంలో ఉన్నాడు. మా పీడీ గారికీ బదిలీ అయింది, మంచి ఊరికే.

జిమ్ థోర్ప్ గుర్తొచ్చాడు. అమెరికా ఆదివాసీ పిల్లల కార్లైల్ ఇండియన్ బడి విద్యార్థి, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో స్వర్ణం. అంతకు ముందు వేసవి సెలవుల్లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో రెండూ లాక్కున్నారు. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో చెప్పాలన్న నియమం వాళ్ళదే, దాన్ని వాళ్ళే పట్టించుకోలేదు. మిగతా కాలేజీ కుర్రాళ్ళు దొంగ పేర్లతో ఆడి దాటుకునేవారు, ఇతను సొంత పేరుతో ఆడి దొరికిపోయాడు. 1953లో పోయాడు. పతకాల నకళ్ళు పిల్లల చేతికి అందింది 1983లో. ఏకైక విజేత అని మళ్ళీ రాసింది 2022లో. కాబట్టి లాక్కోకూడదు, అంతే. రాత్రి పదకొండుకు ఈ తీర్పుకు వచ్చి దీపం ఆర్పేశాను.

పన్నెండున్నరకు మళ్ళీ లేచాను. థోర్ప్ మోసం చేసి గెలవలేదు. బుష్ పరుగు కూడా అతనిదే, డబ్బు తీసుకున్నందుకు కాలు వేగం పెరగదు. మా సంగతి అలా కాదు. పెద్దక్క లేకపోతే మేం ఓడేవాళ్ళం. ఓడిన జట్టులో ఒక అమ్మాయి మోచేతులు రెండూ స్తంభం దగ్గర డైవు కొట్టి గీరుకుపోయాయి. ఆ చెంబు ఆమెది. మరి నేను ఇన్నేళ్ళు మందారానికి నీళ్ళు పోసింది ఎవరి చెంబుతో?

ఇంకొకటి కూడా ఇప్పుడే తట్టింది. సర్టిఫికెట్టు పెద్దక్క పేరు మీద రాదు కదా, టైఫాయిడ్ అమ్మాయి పేరు మీదే వస్తుంది. పెద్దక్కకు మిగిలేది రెండు పూటల భోజనం, బస్సు చార్జీ, ఆ చెంబు. గుమాస్తా రాకముందే ఆమె తన చెంబు తనే తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్ళిందట. తోమి, పొడిగుడ్డతో తుడిచి మరీ తెచ్చిందని గుమాస్తానే మా అమ్మతో అన్నాడు. అప్పుడు కూడా నేను తలుపు చాటునే ఉన్నాను. నవ్వు ఎప్పుడు ఆగిందో గుర్తులేదు.

ఇందాక పెరటి గుమ్మం దగ్గరి నుంచి చెంబు తెచ్చి బియ్యం డబ్బా వెనక పెట్టాను. తెల్లవారగానే ఈయన మొక్కలకని వెతుకుతారు. వెతకనీ. వాడు చూసి ఇంకేం అంటాడో.