పూతరేకుల డబ్బా మీద పేరు: ట్రేడ్‌మార్క్ తీసుకున్న నా అనుభవం

మాది ఆత్రేయపురం. అమ్మమ్మ పేరుతో పూతరేకులు అమ్ముతాం. ఊళ్లో ఇంటింటా ఇదే పని కాబట్టి కొనేవాళ్లు మమ్మల్ని గుర్తుపట్టేది డబ్బా మీద పేరు చూసే. ఆ పేరు నిలబడటానికి మా అమ్మ ఏళ్ల తరబడి కుండ సెగ దగ్గర కూర్చుంది.

ఓ రోజు హైదరాబాద్ నుంచి పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. "ఏమ్మా, నెయ్యి మానేసి డాల్డా వేస్తున్నారా?" అన్నారు. ఫొటో పంపమన్నాను. అదే పసుపు డబ్బా, మూలన అదే బోర్లించిన కుండ బొమ్మ, పేరులో ఒక్క దీర్ఘం తేడా. హైవే మీద ఏదో కొట్లో కొన్నారట. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

లాయరు గారిని కలిస్తే విషయం విడమరిచి చెప్పారు. రిజిస్టర్ కాని పేరుకి కూడా చట్టంలో రక్షణ ఉంది, కానీ ఆ పేరుకి జనంలో ఉన్న గుర్తింపు, దాన్ని చూసి కొనేవాళ్లు మోసపోవడం, మనకి జరిగిన నష్టం అన్నీ మనమే రుజువు చేసుకోవాలి. రిజిస్టరైతే ఆ సర్టిఫికెట్టే తొలి సాక్ష్యం. పైగా 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 134వ సెక్షన్ ప్రకారం మనం వ్యాపారం చేసే చోటే కేసు వేయొచ్చు. నకిలీ వేసినవాడు ఏ ఊళ్లో ఉన్నా అక్కడి కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. మాలాంటి చిన్నవాళ్లకి ఈ ఒక్క సౌకర్యం కోసమైనా రిజిస్టర్ చేయించుకోవాలి అంటాను.

ముందు ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు సైట్ ఐపీ ఇండియాలో మా పేరు లాంటివి, పలికితే అలా వినిపించేవి ఏమన్నా ఉన్నాయేమో వెతికించాం. దరఖాస్తులో సరుకుల్ని క్లాసులనే వర్గాలుగా విడదీస్తారు, మిఠాయిలు 30వ క్లాసులోకి వస్తాయి. పచ్చళ్లు కూడా అమ్మేవాళ్లకి 29వ క్లాసు వేరే, దానికి ఫీజూ వేరే. ఆన్‌లైన్‌లో వేస్తే క్లాసుకి 9,000 రూపాయలు. వ్యక్తులకీ, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమలకి కేంద్ర ప్రభుత్వమిచ్చే నమోదు పత్రం) ఉన్న చిన్న సంస్థలకీ 4,500. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై ఆఫీసుకే వెళ్తాయి.

అసలు పని కాగితాల దగ్గరుంది. ఎప్పటి నుంచో వాడుతున్నామని చెబితే సరిపోదు, అఫిడవిట్‌తో పాటు రుజువులు పెట్టాలి. డబ్బాలు అచ్చేసిన ప్రెస్ బిల్లులు, ఆర్టీసీ కార్గో రసీదులు, ఫుడ్ లైసెన్సు, పాత డబ్బాల ఫొటోలు అన్నీ బీరువాలోంచి తీసి వరసగా పేర్చాం. అమ్మ ఏ చీటీ పారేసే మనిషి కాదు. ఆ అలవాటే మమ్మల్ని గట్టెక్కించింది.

తర్వాత సైట్‌లో మా దరఖాస్తు స్టేటస్ 'అబ్జెక్టెడ్', అంటే అభ్యంతరం ఉంది అని వచ్చింది. ఇది చూసి చాలామంది హడలిపోతారు. అది ఆఫీసు అడిగే ప్రశ్న మాత్రమే, అభ్యంతరాలు రాసిన పరిశీలన రిపోర్టు అందాక 30 రోజుల్లో జవాబివ్వాలి. మాకు 9వ సెక్షన్ కింద అభ్యంతరం పెట్టారు: 'ఆత్రేయపురం పూతరేకులు' అన్నది ఊరి పేరు, సరుకు పేరు. నిజమే, అది మా ఒక్కరి సొత్తు ఎలా అవుతుంది? ఆ పేరుకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అది ఊరందరి హక్కు. మాకు కావాల్సింది అమ్మమ్మ పేరు, కుండ బొమ్మ కలిసిన మా లేబుల్. మిగతా మాటల మీద మాకే హక్కుండాలని అడగడం లేదని రాసిచ్చాం. వీడియోలో హియరింగ్ జరిగింది, ఒప్పుకున్నారు.

ఆపైన మా లేబుల్‌ని ఆ ఆఫీసు వెలువరించే ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వేశారు. అక్కణ్నుంచి 4 నెలల్లోపు ఎవరైనా అడ్డుచెప్పొచ్చు. చెబితే 2 నెలల్లో మనం జవాబు వేయాలి, లేకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే. మాకు ఎవరూ అడ్డురాలేదు. సర్టిఫికెట్ వచ్చేదాకా పేరు పక్కన టీఎం (ట్రేడ్‌మార్క్) గుర్తే వాడాం, వచ్చాకే రిజిస్టరైందని తెలిపే, సున్నాలో ఆర్ అక్షరం (®) వేయించాం. దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్.

సర్టిఫికెట్ నకలుతో ఆ డబ్బాల వ్యాపారికి నోటీసు పంపించాం. ఆయన పేరూ మార్చాడు, రంగూ మార్చాడు. కోర్టు దాకా వెళ్లలేదు.

జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. మన పేరుని పోలినది అందులో కనబడితే అడ్డుచెప్పాల్సింది మనమే కాబట్టి లాయరు గారి ఆఫీసులో దాన్ని చూసి చెప్పే ఏర్పాటు చేసుకున్నాం. ఈ మధ్య అలాంటిదొకటి కనబడితే అభ్యంతరం వేశాం. అది ఇంకా నడుస్తోంది.