ఊపిరి తీసుకోని గొంతు

మూడు రోజులుగా ఒక పాట నన్ను వదలడం లేదు. స్నానం చేస్తున్నా, ఎవరికో ఉత్తరం రాస్తున్నా, చివరికి నిద్ర పట్టే ముందు కూడా అదే నాలుగు చరణాల ముక్క లోపల తిరుగుతూనే ఉంది. ఆ పాట భాష జపనీస్, నాకు రాదు. పాడింది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. అర్థం తెలియని మాటలు, అసలు లేని గాయని నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణమేమిటో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను. ఇటువంటి పాటలను జపనీయులు ‘చూదొకు క్యొకు’ అంటారు. క్యొకు అంటే పాట. చూదొకు అన్న మాటకు విషం ఎక్కడమనీ, వ్యసనానికి లోబడడమనీ రెండర్థాలూ ఉన్నాయి కనుక పేరు సరిగ్గానే కుదిరింది.

యంత్రం చేత పాడించాలన్న కోరిక పాతదే. 1961లో బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం 704 కంప్యూటర్ ‘డైసీ బెల్’ అనే పాత ఆంగ్ల గీతాన్ని పాడింది. ఇంట్లో కూర్చుని ఎవరైనా పాట అల్లుకోగల పనిముట్టు మాత్రం చాలా తరువాత వచ్చింది. యమహా సంస్థ బార్సిలోనాలోని పోంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన పరిశోధన వోకలాయిడ్ అనే పాడే సాఫ్ట్‌వేర్‌గా రూపుదిద్దుకోగా, 2004లో తొలి గొంతులు అమ్మకానికి వచ్చాయి. 2007 ఆగస్టు 31న సప్పోరో నగరానికి చెందిన క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా, నటి సాకి ఫుజితా స్వరంతో తయారుచేసిన హట్సునే మికు అనే వోకలాయిడ్ గొంతును విడుదల చేసింది. ఆ తరువాతి కథ చాలామందికి తెలిసినదే.

అయితే ఆ కథలో మొదటి వారంలోనే జరిగిన ఒక విషయం నాకు కీలకంగా తోస్తుంది. విడుదలైన కొద్ది రోజులకే ఒటోమానియా అనే పేరుతో ఒకరు మికు చేత ‘ఇయెవన్ పోల్కా’ పాడించి నికోనికో అనే జపనీస్ వీడియో సైట్‌లో పెట్టారు. అది ఫిన్లాండ్ పాట. లోయితుమా బృందం పాడిన రూపంలో దాని నడుమ ఏ భాషకూ చెందని అక్షరాల వరస ఒకటి ఉంటుంది, మన జతుల వంటిది. మికు చేత పాడించినది ఆ వరసనే. చేతిలో ఉల్లికాడ ఊపుతూ చిన్న బొమ్మ కదులుతుంటే, ఆ గొంతు అక్షరాలను గవ్వలు విసిరినట్టు విసురుకుంటూ పోయింది. ఆ యంత్రం మాటల భావాన్ని పలికించలేకపోయినా, అక్షరాన్ని తాళం మీద దెబ్బగా వేయడంలో దానికి సాటి లేదని మొదటి వారంలోనే తేలిపోయింది.

ఇందులో జపనీస్ భాష పాత్ర చిన్నది కాదు. ఆ భాష దాదాపు అజంతం. దాని లెక్క అంతా మాత్రలలో నడుస్తుంది. మన ఛందస్సు చదువుకున్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది: ‘నిప్పొన్’ అన్న మాటను జపనీయులు ని, ప్, పొ, న్ అని నాలుగుగా లెక్కపెడతారు, మనం రెండు గురువులుగా గుర్తించి అదే నాలుగు మాత్రలు వేస్తాం. ఒక్కొక్క మాత్రకు ఒక స్వరం అతికించుకుంటూ పోతే చాలు, పాట దానంతటదే చిన్న చిన్న సమభాగాలుగా తెగి, లయవాద్యం మోగినట్టు వినిపిస్తుంది.

నేను స్వయంగా ప్రయత్నించేవరకు ఈ తెగడంలోని కిటుకు నాకు అర్థం కాలేదు. ‘ఉతావు’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది (ఆ మాటకు పాడటమనే అర్థం), అందులో ఎవరి గొంతునైనా పెట్టుకోవచ్చు. నేను నా గొంతుతోనే క, కి, కు, స, సి, సు అంటూ గుణింతం వల్లెవేసినట్టు ఒక్కొక్క అక్షరాన్ని ఒకే శ్రుతిలో రికార్డు చేశాను. పది సెకన్ల పాట పేర్చి వింటే, తాగినవాడు తాళం వేసినట్టు ప్రతి అక్షరమూ వెనకబడుతోంది. రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాక తెలిసింది, తప్పు తాళానిది కాదు, నాది. ‘స’ అనేటప్పుడు ముందుగా బుస వంటి హల్లు కొంతసేపు సాగి, ఆ తరువాత అచ్చు మొదలవుతుంది. వినేవాడి చెవి తాళాన్ని పట్టుకునేది అచ్చు దగ్గర. కనుక హల్లు తాళం కంటే ముందే మొదలై, అచ్చు సరిగ్గా దెబ్బ మీద పడాలి, ఎంత ముందన్నది అక్షరానికొక అంకెగా చెప్పాలి. ‘క’కు కొంచెం చాలు, ‘స’కు చాలా ఎక్కువ కావాలి. ఆ అంకెలన్నీ సరిచేసి మళ్ళీ మోగించగానే, అంతవరకు ఈసురోమంటున్న ముక్క ఒక్కసారి లేచి నిలబడింది. మనుషులు తెలియకుండానే, ఒకసారి ముందూ ఒకసారి వెనకా చేసే ఆ సర్దుబాటును యంత్రం ప్రతిసారీ ఒకేలా చేస్తుంది. ఆ ఖచ్చితత్వమే మెదడుకు కొక్కెంలా తగులుతుందని నా అనుమానం.

ఇక రెండవ సంగతి ఊపిరి. మనిషి పాడిన పల్లవి ఎంత బిగువుగా ఉన్నా ఎక్కడో ఒకచోట గాయకుడు గాలి పీల్చుకుంటాడు, ఆ సందులో వినేవాడూ బయటపడతాడు. ఈ గొంతుకు ఆ అవసరం లేదు. నిమిషానికి 240 బీట్ల వేగంతో, మాటలు పోటెత్తినట్టు సాగే మికు పాట ఒకటి 2008 నాటికే ప్రసిద్ధం. అటువంటిచోట చివరి అక్షరానికీ మొదటి అక్షరానికీ మధ్య అతుకు కనబడదు, పల్లవి తన తోకను తానే మింగి మళ్ళీ మొదలవుతుంది. ఒక స్వరం నుంచి దూరాన ఉన్న మరో స్వరానికి ఒక్కసారిగా దూకడమూ ఈ గొంతుకు అంతే తేలిక. 2016లో డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన కెల్లీ జకుబోవ్‌స్కీ బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం, మనసులో తిష్ఠవేసే పాటలు సాధారణంగా వేగంగా ఉంటాయి, వాటి మొత్తం నడక పరిచితంగా ఉంటూనే మధ్యలో ఎక్కడో అనుకోని దూకుడో, మామూలుకు మించిన పునరుక్తో ఉంటుంది. గొంతు నొప్పి పుడుతుందన్న భయం లేని గాయని చేతికొస్తే స్వరకర్త ఏం చేస్తాడో వేరే చెప్పాలా?

నికోనికోలో ఈ పాటలను మనుషులు తిరిగి పాడి పెట్టే సంప్రదాయం ఒకటుంది, దాన్ని ‘పాడి చూశాను’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. వాటిలో గొప్పగా పాడినవి చాలా విన్నాను, మెచ్చుకున్నాను, మరునాటికి మరిచిపోయాను కూడా. మనిషి పాడితే నాకు ఆ మనిషి గుర్తుంటాడు, యంత్రం పాడితే పాట గుర్తుంటుంది.

ఈ వాదానికి అడ్డుతగిలేది కసానే టెటో. 2008లో ఏప్రిల్ ఫూల్ వేళాకోళంగా పుట్టి, ఉతావులో పాడుతూ వచ్చిన ఈ పాత్రకు, 2023లో సింథసైజర్ వీ అనే మరో పాడే సాఫ్ట్‌వేర్‌లో కృత్రిమ మేధతో పలికే నున్నటి గొంతు వచ్చింది. గొంతు నునుపెక్కితే పట్టు సడలాలి కదా, కానీ ఆ గొంతుతో వచ్చిన పాటలు కూడా నన్ను వదలలేదు. శ్రద్ధగా వింటే, నన్ను పట్టుకున్నవాటిలో స్వరకర్తలు అక్షరాలను కావాలనే తుంచి, నునుపును గీకి మళ్ళీ గరుకు చేసినట్టు నాకు వినిపించింది. నచ్చనివాటిలో గాయని అందంగా, మనిషిలాగే పాడుతోంది.

నా పది సెకన్ల ముక్కను మొన్న మా చెల్లెలికి వినిపించాను. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. మరునాడు పొద్దున పక్క గదిలో తను దాన్నే కూనిరాగం తీస్తోంది, ఐదో తాళం దగ్గర ఊపిరి అందక రెండు అక్షరాలు మింగేసి.