ఎఫ్‌ఎంజీఈ: అక్కడ చెప్పని పాఠాల్లోనే ఇక్కడి మార్కులు

ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, రష్యా... ఎంబీబీఎస్ ఎక్కడ పూర్తి చేసొచ్చినా, చెన్నైలో గది తీసుకుని, ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షకు కూర్చునే మన తెలుగు పిల్లల వరస దాదాపు ఒకటే. ముందు మెడిసిన్ మొదలుపెడతారు. కార్డియాలజీ, న్యూరాలజీలతోనే నెలన్నర గడిచిపోతుంది. తర్వాత అనాటమీ భయం పట్టుకుంటుంది. పీఎస్‌ఎం (ప్రజారోగ్యం), ఫోరెన్సిక్ ఆఖరి రెండు వారాలకు మిగులుతాయి. పరీక్ష కట్టిన తీరు చూస్తే ఈ వరస పూర్తిగా తలకిందులు.

300 ప్రశ్నలు, ఒకే రోజు. 150 చొప్పున రెండు భాగాలు, ఒక్కో భాగానికి 150 నిమిషాలు. 150 వస్తే పాస్. తప్పు రాస్తే మార్కులు పోవు. సబ్జెక్టుల వారీ లెక్క పరీక్ష సమాచార బులెటిన్‌లోనే ఉంటుంది, కానీ చాలామంది ఆ పేజీ చూడకుండానే ఫీజు కట్టేస్తారు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ 17 చొప్పున, పాథాలజీ, మైక్రో, ఫార్మా 13 చొప్పున, కలిపి 90. మెడిసిన్ 33, సర్జరీ 32, ఓబీజీ (ప్రసూతి, స్త్రీల వ్యాధులు) 30, కలిపి 95. పీఎస్‌ఎం 30, పీడియాట్రిక్స్, ఆఫ్తాల్ (కళ్లు), ఈఎన్‌టీ 15 చొప్పున, ఫోరెన్సిక్ 10. సైకియాట్రీ, డెర్మా, అనస్థీషియా, ఆర్థో, రేడియాలజీ, రేడియోథెరపీ తలా 5. ఇవన్నీ కలిపితే 115. అంటే ‘చిన్న సబ్జెక్టులు’ అని పక్కన పెట్టేవాటి బరువు మూడు పెద్ద సబ్జెక్టుల కంటే 20 మార్కులు ఎక్కువ. చదవడానికి పట్టే కాలం మాత్రం సగం కూడా ఉండదు.

ఎన్ని ప్రశ్నలు గట్టిగా తెలిస్తే చాలు? 110 ఖాయంగా వచ్చు, మిగతా 190 కళ్లు మూసుకుని గుర్తు పెట్టారనుకుందాం. నాలుగింట ఒకటి తగులుతుంది కాబట్టి 47 దాకా వస్తాయి, మొత్తం 157. చూడ్డానికి పాసే. కానీ గుడ్డి గురి ఎప్పుడూ 47 దగ్గరే ఆగదు, ఆరేడు అటూ ఇటూ ఊగడం మామూలే. ఏడు తగ్గితే సరిగ్గా 150, ఎనిమిది తగ్గితే ఫెయిల్. గట్టిగా తెలిసినవి 120 ఉంటే లెక్క 165 అవుతుంది, అదృష్టం బాగా తప్పినా ఒడ్డున పడతారు. కాబట్టి మన లక్ష్యం 300 కాదు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే 120. ఆ 120 ఎక్కడ దొరుకుతాయన్నదే అసలు విషయం.

గుండె జబ్బు ఏ దేశంలోనైనా గుండె జబ్బే, మీ యూనివర్సిటీలో చెప్పే ఉంటారు. మన టీకాల పట్టిక, మన టీబీ కార్యక్రమం, మన చట్టం, మన పాములు అక్కడ ఎవరూ చెప్పరు. ఆరేళ్ల చదువులో ఉన్న పెద్ద ఖాళీ అదే. ఆ ఖాళీలోంచే ఏటా ప్రశ్నలు వస్తాయి, పైగా జవాబులు సూటిగా ఉంటాయి.

టీకాల పట్టిక తీసుకోండి. పుట్టగానే బీసీజీ, పోలియో నోటి చుక్కల సున్నా డోసు, 24 గంటల్లోపు హెపటైటిస్ బీ. 6, 10, 14 వారాలకు నోటి చుక్కలు, పెంటావాలెంట్, రోటా. పీసీవీ (న్యుమోకాకల్ టీకా) 6, 14 వారాలకు, బూస్టర్ 9 నెలలకు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) 9 నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య రెండోది. పాత నోట్సు దెబ్బ కొట్టేది ఎఫ్‌ఐపీవీ (తక్కువ మోతాదు పోలియో ఇంజెక్షన్) దగ్గర. చాలా పీడీఎఫ్‌లలో అది ఇప్పటికీ 6, 14 వారాలకు రెండే డోసులు. 2023 జనవరి నుంచి 9 నెలలకు మూడోది కలిసింది. డోసు 0.1 మి.లీ., చర్మంలోకి, మొదటి రెండూ కుడి చేతికి, మూడోది ఎడమ చేతికి. నోట్సు ఏ ఏడాదిదో చూసుకోవడానికి ఈ ఒక్క గీటురాయి చాలు: మూడో ఎఫ్‌ఐపీవీ లేకపోతే ఆ నోట్సులో పీఎస్‌ఎం భాగం పక్కన పడేయండి. ఓపెన్ వయల్ పాలసీ (తెరిచిన టీకా సీసా ఎంతసేపు వాడొచ్చో చెప్పే నియమం) కూడా దీనితోనే చదవాలి. పెంటా, ఓపీవీ (పోలియో చుక్కలు), ఐపీవీ (పోలియో ఇంజెక్షన్), హెపటైటిస్ బీ, పీసీవీ తెరిచాక 28 రోజుల వరకు వాడొచ్చు. పొడిలో నీళ్లు కలిపే బీసీజీ, ఎంఆర్ మాత్రం కలిపిన 4 గంటలకు పారేయాలి.

టీబీకి నాలుగు మందుల పేర్లు అందరికీ వచ్చు. ఆ నాలుగూ కలిపిన మాత్రలు 52 కిలోల మనిషికి రోజుకు ఎన్నంటే మాత్రం తడబడతారు. 25–34 కిలోలకు 2, 35–49కి 3, 50–64కి 4, 65–75కి 5, ఆపైన 6. జవాబు 4.

బయోస్టాట్ (వైద్య గణాంకాలు) అంటే పారిపోయేవాళ్లు ఒక్క సాయంత్రం కాగితం మీద ఈ లెక్క చేసి చూడండి. 1000 మంది, జబ్బు 10 శాతం మందికి, పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టే శాతం) 90, స్పెసిఫిసిటీ (లేనివాళ్లకు నెగటివ్ చూపే శాతం) 80. జబ్బున్నవాళ్లు 100, అందులో పాజిటివ్ 90. లేనివాళ్లు 900, అందులో తప్పుగా పాజిటివ్ వచ్చేవాళ్లు 180. పాజిటివ్‌లు మొత్తం 270, నిజమైనవి 90. పీపీవీ (పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు) 33 శాతం. ఇప్పుడు జబ్బును 1 శాతానికి దించండి. ఉన్నవాళ్లు 10, పాజిటివ్ 9. లేనివాళ్లు 990, తప్పు పాజిటివ్‌లు 198. 207లో 9, అంటే 4 శాతం చిల్లర. పరీక్ష అదే, కిట్ అదే, మారింది జనమే. జబ్బు అరుదైతే పీపీవీ ఎందుకు పడిపోతుందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఫార్ములా బట్టీ పట్టినవాళ్లు హాల్లో హారం, లవం తారుమారు చేస్తారు. 1000 మందితో పెట్టె గీసుకునేవాళ్లకు ఆ గొడవ ఉండదు.

ఫోరెన్సిక్‌లో 2024 జులై 1 నుంచి సెక్షన్ల అంకెలన్నీ మారాయి. నిర్లక్ష్యం వల్ల మరణం ఐపీసీ 304ఏ నుంచి బీఎన్‌ఎస్ (కొత్త శిక్షాస్మృతి) 106కి, వరకట్న మరణం 304బీ నుంచి 80కి, పోలీసు ఇన్‌క్వెస్ట్ (శవ పంచనామా) సీఆర్‌పీసీ 174 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త నేర విచారణ చట్టం) 194కి, మరణ వాంగ్మూలం బీఎస్‌ఏ (కొత్త సాక్ష్య చట్టం) 26కి వెళ్లాయి. అంకెలే కాదు, ఒకచోట అర్థమూ మారింది. తీవ్ర గాయానికి పాత లెక్క 20 రోజుల నొప్పి, బీఎన్‌ఎస్ 116లో అది 15 రోజులు. 20 అన్న ఆప్షన్ మిమ్మల్ని పట్టుకోవడానికే పెడతారు.

ఇక పాములు. నాగుపాము, కట్లపాము నరాల మీద, రక్తపింజరి, సా-స్కేల్డ్ వైపర్ రక్తం మీద దెబ్బ తీస్తాయి. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో, వాలిన రెప్పలతో వస్తే, కాటు గుర్తు కనపడకపోయినా కట్లపామే అనుకోవాలి. 20 నిమిషాల గడ్డకట్టే పరీక్షకు 2 మి.లీ. రక్తం, శుభ్రమైన పొడి గాజు గొట్టం కావాలి. 20 నిమిషాలు కదపకూడదు, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టం వాడితే మామూలు రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండి మోసం చేస్తుంది. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) మొదటి డోసు 8–10 వయల్స్, పిల్లలకూ అంతే. మనిషి చిన్నవాడని పాము విషం తగ్గించి వదలదు కదా. చెన్నైలో ఉన్నవాళ్లు ఒక ఆదివారం మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దాకా వెళ్లిరండి. 1978లో మొదలైన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం అక్కడే ఉంది, మన దేశపు ఏఎస్‌వీకి కావలసిన విషంలో చాలా భాగం అక్కడ తీసిందే. ఆ నాలుగు పాముల్నీ ఒక్కసారి కళ్లారా చూస్తే బొమ్మ చూపించి అడిగే ప్రశ్నలో ఇక తప్పు పోదు.

సుమారు 20 వారాలు చేతిలో ఉంటే మొదటి చదువుకు 12, రెండో చుట్టుకు 5, మూడోదానికి 3 పెట్టుకోండి. అందరూ తప్పేది ఇక్కడే. వీడియోలు పూర్తి చేయడాన్నే చదువు అనుకుని 17 వారాలు దానికే పోస్తారు, ఒక్క చుట్టు కూడా తిరగెయ్యరు. వీడియో చూస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. ప్రశ్న ముందు కూర్చుంటే ఏదీ నోటికి రాదు. ఏ రోజు చదివిన టాపిక్ మీద ఆ రోజే 50 ప్రశ్నలు, 50 నిమిషాల్లో చేయండి. పరీక్షలో ఒక్కో భాగాన్ని టైముకు కట్టిన సెక్షన్లుగా విడగొడతారు. సెక్షన్ టైము అయిపోతే వెనక్కి వెళ్లడం ఉండదు. ‘చివర్లో చూసుకుందాం’ అని వదిలిన ప్రశ్న అలా ఖాళీగానే పోతుంది. కాబట్టి ప్రతి 50లోనూ చివరి మూడు నిమిషాలు ఖాళీలు నింపడానికే ఉంచుకునే అలవాటు ఇప్పుడే చేసుకోవాలి.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి, కానీ జవాబులు ఎక్కించుకోవడానికి కాదు. ప్రతి తప్పు పక్కన ఒక్క అక్షరం చాలు: తెలియకపోతే ‘తె’, తెలిసీ మరిచిపోతే ‘మ’, ప్రశ్న సరిగా చదవకపోతే ‘చ’. ‘తె’లు ఎక్కువైతే చదువు మిగిలుంది. ‘మ’లు ఎక్కువైతే కొత్తది ఆపి తిరగెయ్యాలి. ‘చ’లు ఎక్కువైతే ‘కానిది ఏది’, ‘మొదట ఏం చేస్తారు’ లాంటి మాటల దగ్గర వేలు పెట్టి చదవాలి. గదిలో ముగ్గురుంటే రాత్రి భోజనం తర్వాత అరగంట ఒకరినొకరు నోటితో అడుక్కోండి, తెలుగులోనే. పదాలు ఇంగ్లిషువైనా కారణం తెలుగులో చెప్పలేకపోతే అది అర్థం కానట్టే.

కాగితాల సంగతి చదువు కంటే ముందే తేలాలి. మన పేర్లతో పెద్ద తంటా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వేరే గడిలో, అక్కడి డిగ్రీలో రష్యన్ అక్షరాల్లోకి వెళ్లి తిరిగొచ్చిన స్పెల్లింగుతో ఉంటుంది. ఆ దేశం వదలకముందే మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. డిగ్రీలో తప్పుంటే దిద్దాల్సింది ఆ యూనివర్సిటీయే, ఇక్కడికొచ్చాక అది నెలల పని. డిగ్రీకి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) గానీ అక్కడి మన ఎంబసీ అటెస్టేషన్ గానీ ఉండాలి.

చెన్నైలో పుస్తకాలు మోసుకెళ్లి చదువుకోవడానికి కొట్టూర్‌పురం అన్నా సెంటినరీ లైబ్రరీలో సొంత పుస్తకాల విభాగం ఉంది. మే నెల మండుటెండలో ఏసీ లేని గదిలో మగ్గేకంటే అక్కడ కూర్చోవడం నయం. డిసెంబరు సెషన్‌కు ఇంకో చిక్కు. పేరుకు డిసెంబరే గానీ పరీక్ష 2024లో జనవరి 20న, 2025లో జనవరి 12న జరిగింది, అంటే భోగికి ముందు రోజు. సంక్రాంతి రద్దీలో చెన్నై నుంచి విజయవాడ వైపు బండ్లలో కాలు పెట్టే చోటుండదు. సెంటర్‌గా చెన్నైనే పెట్టుకుని, తేదీ రాగానే తిరుగు టికెట్ తీసేసుకోండి, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. ‘పండక్కి ఇంటికొచ్చి ఇక్కణ్నుంచే రాయొచ్చుగా’ అని అమ్మ అంటుంది. పరీక్షకు ముందు వారంలో ప్రయాణం పెట్టుకోవద్దు.

ముందు రోజు సెంటర్‌కు ఒకసారి వెళ్లి చూసి రండి, ఊరి శివార్లలో పడితే దారి తెలియదు. అడ్మిట్ కార్డు, ఒరిజినల్ ఐడీ ఉంటే చాలు; వాచీ, ఉంగరం, పర్సు గదిలోనే వదిలేయండి. మొదటి భాగం 11:30కి అయిపోతుంది, రెండోది 2 గంటలకు. ఆ మధ్యలో ఫోన్ తెరిచి జవాబులు వెతికితే రెండో భాగంలో మొదటి 20 ప్రశ్నలూ పొద్దుటి తప్పుల మీద ధ్యాసతోనే పోతాయి. పెరుగన్నం తిని, నీళ్లు తాగి, అరగంట ముందే లోపలికి వెళ్లి కూర్చోండి. మళ్లీ తనిఖీ, మళ్లీ వేలిముద్ర ఉంటాయి.