కనుమ నాడు సంగిడి దగ్గర

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగేసరికి పొద్దున్న ఏడైంది. పండగ రద్దీ, రాత్రంతా నిద్ర లేదు. స్నేహితుడి ఊరు ఎనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో, ఆటో అతను నాలుగొందలు అడిగాడు. మూడొందల యాభైకి దింపి, కోపంగానే ఎక్కాను.

దారిలో అతనే మాట కలిపాడు. "ఊసవానిపేట అటే సార్, మన మల్లీశ్వరి ఊరు." 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. "స్నాచ్ 110, జెర్క్ 130, మొత్తం 240" అని ఆమె ఎత్తిన కిలోలు తడుముకోకుండా చెప్పాడు. సొంత చెల్లెలి మార్కులు చెప్పుకున్నట్టు చెప్పాడు. నా కోపం అక్కడే పోయింది.

ఊళ్లో ఆ రోజు సంగిడి పోటీలు, అంటే బరువైన రాయి ఎత్తే పందెం. రామాలయం ముందు ఇసుక పోసి, మధ్యలో రాయి పెట్టారు. ఎన్ని చేతులు పట్టుకున్నాయో, నున్నగా అరిగిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చారు. వాళ్లకు హోటల్ లేదు, టెంటు భోజనం లేదు. ఇంటికి ఇద్దరు చొప్పున పంచేశారు.

నేను దిగిన ఇంటికి వచ్చిన ఇద్దరిదీ చెరువు అవతలి ఊరు. నీళ్ల గొడవతో రెండేళ్లుగా ఆ ఊరికీ ఈ ఊరికీ మాటల్లేవట. కమిటీ కుర్రాళ్లు తాంబూలం పట్టుకుని వెళ్లి పిలిస్తే కాదనలేక వచ్చారు. స్నేహితుడి నాయనమ్మ మాత్రం గారెలు, కోడికూర వడ్డిస్తూ, "సిగ్గేటి బాబూ, కడుపు నిండా తినీసి ఎల్లండి. ఆకలితో రాయి లెగుస్తాదేటి?" అంది. పెద్దోడు తల వంచుకుని తిన్నాడు. మూడోసారి గారె వేయబోతే నవ్వాడు.

పోటీలో మొదటిసారి అతని చేతులు జారిపోయాయి. చెమట. వెంటనే నాయనమ్మ గబగబా ఇంట్లోకి వెళ్లి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. "ఇది రాసుకో" అంటూ తనే అతని అరచేతుల్లో పోసింది. సొంత ఊరి కుర్రాడి మీద పోటీకి దిగినవాడికి! ఎవరూ అదేమిటని అడగలేదు. రాయి మోకాళ్ల మీదికి, గుండెల మీదికి, భుజం మీదికి వెళ్తుంటే ఈ ఊరి ఆడవాళ్లే గట్టిగా కేకలు పెట్టారు. అయినా గెలిచింది ఈ ఊరి కుర్రాడే.

ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్‌కి వెళ్లొచ్చిన రోజు గుర్తొచ్చింది. నాలుగు గంటలు కలిసి అరిచాం, పక్క సీటతని పేరైనా అడగలేదు. ఇక్కడి తేడా అంతా ఆ విస్తరి దగ్గరే ఉందనిపించింది నాకు. బహుమతి ఇద్దరికో ముగ్గురికో వస్తుంది, భోజనం అందరికీ దొరుకుతుంది.

సాయంత్రం ఆ పెద్దోడే నన్ను బండి మీద స్టేషన్‌కి దింపుతానన్నాడు. బయల్దేరే ముందు నాయనమ్మ కాళ్లకు దండం పెట్టాడు.

"రేపు మా ఊళ్లో పందెం మామ్మా. మీవోళ్లని పంపించు."

"పంపిస్తాను. అంబలి కాదు, కోడికూరే ఒండాల" అంది ఆవిడ.




"మా అమ్మకి చెప్పీసినాను" అన్నాడు.