మగ్గం ఆగితే మామ తిట్టాడు

మగ్గం నన్ను పేరు పెట్టి పిలుస్తోందని మొదట మా మామకే చెప్పాను. 2021లో దసరా దాటిన రోజులవి. మాది వరంగల్ కొత్తవాడ. ఇంటిల్లిపాదిమీ దర్రీలు, అంటే నూలు జంపఖానాలు నేస్తాం. వీటికి 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా కూలి సంగతి మాత్రం అడగకండి. పేక (అడ్డపోగు) కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ కింది నుంచి నా పేరు వినిపించేది. మొదట్లో ఒట్టి పేరే. తర్వాత తిట్లు మొదలయ్యాయి.

మామ నవ్వేశాడు. "నిద్ర లేకుంటే అట్లనే అనిపిస్తది అల్లుడా, పోయి పండుకో" అన్నాడు. ఆ నిద్రే పట్టేది కాదు. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లంతా నా గురించే మాట్లాడుకుంటున్నారని అక్కడికి వెళ్లడం మానేశాను. తర్వాత స్నానం, ఆ తర్వాత తిండి.

అమ్మ నన్ను కాజీపేట దర్గాకు తీసుకెళ్లింది. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతర జరిగినప్పుడు, నాకు నయమైతే వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కుకుంది. బంగారమంటే బెల్లమని మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాడలో కొందరు మాత్రం "ఎర్రగడ్డకు పంపుండ్రి" అని గొంతు తగ్గించి అనేవాళ్లు. వాళ్లు గొంతు తగ్గించిన మాటలే నాకు పెద్దగా వినిపించేవి.

ఎండాకాలంలో ఒక రాత్రి భయమేసి ఇంట్లోంచి వెళ్లిపోయాను. తెల్లవారుజామున భద్రకాళి చెరువు కట్ట మీద దొరికానట. ఆ రోజు నుంచి నా గదికి బయట గొళ్లెం పడింది. మూడు వారాలు. మనిషిని గొలుసుతో కట్టేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుందని చాలా తర్వాత తెలిసింది. మా ఇంట్లో గొలుసు లేదు, గొళ్లెమే. అమ్మను తప్పు పట్టలేను. ఆమెకు అప్పటికి ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

ఆ దారి చూపించింది మా వాడ ఆశా వర్కర్. అందరం ఆశమ్మ అంటాం. అక్క కూతురికి టీకాల లెక్క చూడటానికి వచ్చి గొళ్లెం చూసింది. కిటికీ దగ్గరికి వచ్చి "తమ్మీ, తిన్నవా?" అని అడిగింది. అమ్మతో "ఇది గాలి కాదు, ధూళి కాదు పెద్దమ్మా. బీపీకి గోలీలు ఉన్నట్టే దీనికీ ఉంటయి" అంది. మర్నాడు దవాఖానకు మాతో ఆమే వచ్చింది. అక్కడ 19 రోజులున్నాను. జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అన్నారు. ఆ 19 రోజుల్లో గొంతులు తగ్గాయన్నది తప్ప పెద్దగా ఏమీ గుర్తు లేదు.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు కథ.

గొళ్లెం పోయింది, దాని బదులు మనుషులు వచ్చారు. గోలీ వేసుకున్నాక నోరు తెరిపించి, నాలుక ఎత్తమని అమ్మ చూసేది. గడ్డం గీసుకునే బ్లేడు దాచేశారు. బావ గుమ్మానికి అడ్డంగా చాప పరుచుకుని పడుకునేవాడు. నేను మంచినీళ్లకు లేచినా నాలుగు కళ్లు తెరుచుకునేవి. అంతకన్నా పెద్ద బాధ చేతులది. గోలీలతో వేళ్లు వణికేవి, ఒళ్లు బిగుసుకుపోయేది. తెగిన పోగును అతకాలంటే రెండు కొసలూ బొటనవేలి కింద పట్టి ఒక్క మెలి తిప్పాలి. పదేళ్ల వయసు నుంచి కళ్లు మూసుకుని చేసిన పని అది. ఇప్పుడు ఒక కొస దొరికితే రెండోది జారిపోయేది. పోగే అతకలేనివాడు మగ్గం దగ్గర ఎందుకు?

గోలీని దవడకూ చిగురుకూ మధ్య దాచడం వారంలో నేర్చుకున్నాను. అమ్మ వెతికేది నాలుక కిందే కదా. బయటికి వచ్చి నూలు చెత్తలో ఉమ్మేసేవాణ్ని. రెండు నెలలు హాయిగా గడిచాయి, వణుకు పోయింది. నవంబర్‌లో మగ్గం మళ్లీ పిలిచింది.

ఈసారి అది ఏమిటో నాకు తెలుసు. తెలిసినా భయం తగ్గలేదు. ఆశమ్మ మా గోడకు ఒక కాగితం అంటించి వెళ్లింది. దాని మీద టెలిమానస్ నంబరు, 14416. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైను అది. ఆ సర్వీసు మొదలై అప్పటికి నెల దాటింది, 2022 అక్టోబర్ 10న పెట్టారు. రాత్రి రెండింటికి ఫోన్ చేశాను. గోలీలు మానేశానని ఇంట్లో వాళ్లకు చెప్పలేనిది, ముఖం తెలియని మనిషికి చెప్పేశాను. ఎందుకు మానేశావని మందలిస్తారనుకున్నాను. "ఆ గోలీ వేసుకుంటే మీకు ఏమవుతోంది?" అని అడిగారు. ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఒక్కరికైనా ఇప్పుడే చెప్పండి అన్నారు. అక్కను లేపాను.

డాక్టర్ మందు మార్చి, డోసు తగ్గించి, వణుకుకు ఇంకో చిన్న గోలీ రాశారు. మొదటిసారే అడిగి ఉంటే అప్పుడే మార్చేవాళ్లట. మనం అడగం, వాళ్లకు చెప్పే తీరిక ఉండదు. బయట లైనేమో గేటు దాకా.

ఆ వారమే ఆశమ్మ మా వంటింట్లో పంచాయితీ పెట్టింది. అమ్మ, అక్క, బావ, నేను. నోరు తెరిపించడం ఇక బంద్ అని నేను పట్టుబట్టాను. వారానికి ఏడు గళ్లున్న ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. అందులో గోలీలు నేనే నింపుతాను, నేనే వేసుకుంటాను. అమ్మ ఆదివారం సాయంత్రం ఒక్కసారి డబ్బా చూసుకోవచ్చు. బదులుగా నేనూ ఒక మాట ఇచ్చాను. వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోయినా, మగ్గం చప్పుడులో మాటలు వినిపించినా, చాయ్ హోటల్‌కు వెళ్లడం మానేసినా, అక్క నన్ను దవాఖానకు తీసుకెళ్తుంది. నేను ఎదురు చెప్పకూడదు. నాకు తెలివి లేనప్పుడు నా తరఫున మాట్లాడేది అక్కే అని కూడా రాసి సంతకం చేశాను. చట్టంలో దీన్ని నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. సంతకం రాకపోతే వేలిముద్ర. ఆ కాగితం రేషన్ కార్డుతో పాటు బీరువాలో ఉంది.

నెలకోసారి మందుల కోసం లైన్లో నిలబడతాం కదా, అక్కడే నాకు సోపతి దొరికింది. పరకాల నుంచి వచ్చే ఒక కుర్రాడు, కూతుర్ని తీసుకొచ్చే ఒక రిటైర్డ్ సారు, భర్త కోసం వచ్చే ఒక వదిన. ముందు వచ్చినవాళ్లం మిగతావాళ్లకు చోటు పట్టేవాళ్లం. పనయ్యాక గేటు బయట చాయ్. డాక్టర్ దగ్గర మాట్లాడలేనివన్నీ అక్కడ మాట్లాడుకునేవాళ్లం. పెరిగే ఒళ్లు, పొద్దున లేవనివ్వని మత్తు, పెళ్లిచూపుల్లో జబ్బు సంగతి చెప్పాలా వద్దా. చెప్పాలని సారు, ముందే ఎందుకని వదిన. ఆ తగువు ఇప్పటికీ తేలలేదు. ఒక నెల నా గోలీలు స్టాక్ లేవన్నారు. ఏ జనరిక్ షాపులో తక్కువకు దొరుకుతాయో పరకాల కుర్రాడు ఫోన్లోనే కనుక్కుని చెప్పాడు. నేను ఎలా ఉన్నానని వాళ్లెవరూ అదే పనిగా అడగరు. రాకపోతే మాత్రం ఫోన్ చేస్తారు.

పని సంగతి మామ చూసుకున్నాడు. మగ్గం ఎక్కించలేదు. రోజూ రెండు గంటలు పేక నూలును కండెలకు చుట్టమన్నాడు. అది మా ఇళ్లలో పిల్లలు చేసే పని. ముప్పై ఏళ్లవాణ్ని, సిగ్గేసింది. "పదింటికి కండెలు లేకపోతే మగ్గం ఆగుతది. నీ ఇష్టం" అన్నాడు. జాలి మాట ఒక్కటీ లేదు.

ఇరవై రోజులు వెళ్లాను. ఒకరోజు బద్ధకించి పదకొండున్నరకు వెళితే మగ్గం నిజంగానే ఆగి ఉంది. మామ వాకిట్లో నిలబడి తాతల దాకా తిట్టాడు. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. "వాణ్ని ఏమనకు, మళ్లీ ఏమన్నయితది" అంటూ అత్త అడ్డం వచ్చింది. "ఏం గాదు, నువ్వు లోపలికి పో" అని ఆమెనూ తిట్టాడు. ఏడాదిన్నరగా నాతో గుడ్డు పట్టుకున్నట్టు మాట్లాడుతున్న మనుషుల మధ్య, పని చెడితే ఎవరినైనా తిట్టినట్టే నన్నూ తిట్టాడు. ఆ రాత్రి అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. 2023 ఎండాకాలానికి మగ్గం ఎక్కాను.

వైకల్యం ఎంతో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కథ వేరే. మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఒకటి. మీసేవలో స్లాట్ తీసుకుని క్యాంపుకు వెళ్లాం. స్నానం, తిండి, నలుగురితో కలవడం, పని, అన్నీ అడుగుతారు. డాక్టర్ ఏం అడిగినా అమ్మ "మా వాడే చేసుకుంటడు సార్, బంగారమసొంటి పిలగాడు" అంటోంది. పింఛను రావాలంటే నలభై శాతమన్నా వైకల్యం ఉందనాలి, ఈమె కొడుకు పరువు కాపాడుతోంది. అక్క చీర కొంగు లాగింది. చివరికి జబ్బు ముదిరిన నెలల సంగతి నేనే చెప్పుకున్నాను. ఇచ్చింది తాత్కాలిక సర్టిఫికెట్, గడువు దాటాక మళ్లీ చూస్తారట. బాగయ్యానంటే 4,016 రూపాయల పింఛను ఆశ పోతుంది, బాగాలేదంటే సంబంధాలు రావు. సారుకూ వదినకూ ఇంకో తగువు దొరికింది.

2024 ఫిబ్రవరిలో జాతర వచ్చింది. అమ్మ మొక్కినప్పుడు నేను 58 కిలోలు. గోలీల పుణ్యమా అని మేడారంలో త్రాసు ఎక్కితే 71 చూపించింది. "నేను మొక్కింది యాభై ఎనిమిదికే, మిగిలింది నువ్వే కొను" అంది అమ్మ. నా కూలి డబ్బులతో 13 కిలోల బెల్లం కొన్నాను. అందరూ రాత్రికి అక్కడే ఉంటామన్నారు. నాకు నిద్ర చెడకూడదని మేమిద్దరం సాయంత్రమే బస్సెక్కాం. ములుగు దాటకముందే అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. తొమ్మిదైంది. ఆమె ఒళ్లోని నీళ్ల సీసా మెల్లగా తీసుకుని గోలీ వేసుకున్నాను. లేపలేదు. ఆదివారం డబ్బా చూసుకుంటుంది కదా.